రోమకుల యభ్యుదయము – పతనము
హిమాయత్ సాగరపు కట్టపై ఒక యాలోచన

హైదరాబాదు నగరమునకు నైరృతిదిశయందు, శంషాబాదునకు పోవు త్రోవకు సమీపమున, ఈసా నదికి అడ్డముగా కట్టబడిన హిమాయత్ సాగరపు కట్టమీద సాయంకాలమున నిలిచి చూచువానికి రెండు కాలములు ఒక్కమారే కన్నులబడును. ఒక వంక 1927వ సంవత్సరమున ముగిసిన రాతికట్ట, దాని తలుపులు, నిశ్చలమైన జలరాశి. మరియొక వంక నగరమును చుట్టివచ్చు వలయ రహదారిమీద పరుగులిడు వాహనములు, 2008వ సంవత్సరమున తెరువబడిన విమానాశ్రయమునకు దిగుచున్న విమానములు. ఈ రెండింటి నడుమ నున్న భూమియే నేడు వివాదమునకు మూలము.

ఈ చెరువు ఒక మహాదుఃఖమునుండి పుట్టినది. 1908 సెప్టెంబరు 28వ తేదీని మూసీనది పొంగి నగరమును ముంచినప్పుడు సుమారు పదునైదువేలమంది ప్రాణములు కోల్పోయిరి. ఆ పిమ్మట నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించి నగరరక్షణోపాయము నడిగెను. నది నగరమును చేరకమునుపే దాని పొగరు నణచవలెనని ఆయన చెప్పిన ఆలోచన ఫలించి, మూసీమీద 1920లో ఉస్మాన్ సాగరమును, ఈసామీద హిమాయత్ సాగరమును వెలసెను. రెండవదానికి ఏడవ నిజాము జ్యేష్ఠపుత్రుడైన హిమాయత్ అలీఖాను పేరిడిరి. దాదాపు మూడువందల కోట్ల ఘనపుటడుగుల నీరు పట్టు ఈ తటాకము వరదల నాపుటకును, నగరవాసుల దాహము తీర్చుటకును కూడ నిర్మింపబడినది.

ఇట్టిచోట రోమకుల ప్రసక్తి యేల యని పాఠకులు ప్రశ్నింపవచ్చును. అందులకు రెండు కారణములు కలవు. ఈ చెరువునుండి విడువబడిన నీరు లంగరుహౌసు కడ మూసీతో కలసి, నల్లగొండ మండలము గుండ పారి, వాడపల్లి యొద్ద కృష్ణలో చేరును. ఆ నల్లగొండ నేలలోనే రోమక చక్రవర్తుల ముఖములు ముద్రించిన వెండి నాణెములు కుప్పలుగా దొరకినవి. ఇది మొదటి కారణము. నగరమునకు నీరు తెచ్చుటలో రోమకులంతటి ఘనకార్యము చేసినవారు ప్రాచీనులలో లేరు. ఆ నీటి నెట్లు కాపాడిరో, ఎట్లు కోల్పోయిరో వారి చరిత్రమే చెప్పుచున్నది. ఇది రెండవ కారణము.

రోముపట్టణము క్రీ. పూ. 753లో స్థాపింపబడినదని వారి ఐతిహ్యము. టైబరు నదీతీరమున గుట్టలమీద గుడిసెలు వేసికొన్న పశుపాలకులు, కర్షకులు దాని మొదటి పౌరులు. వారికి గ్రీకులవలె కళలు లేవు. ఫినీషియనులవలె ఓడలు లేవు. అట్టివారు క్రమముగా మధ్యధరా సముద్రమును తమ కాసారముగా చేసికొనుటకు కారణమేమి? ఖడ్గబలమే యందురు కొందరు. ఖడ్గము ఇరుగుపొరుగువారి యొద్దను గలదు. రోమకుల యసలు బలము వేరొకటి. రాజ్యమువలని లాభమును పొందువాడు దాని భారమును గూడ మోయవలెను. భారమును మోయువానికి లాభమునందు పాలు దక్కవలెను. ఈ న్యాయమును వారు ఇష్టముననో, అనిష్టముననో చిరకాలము పాటించిరి.

ఐతిహ్యానుసారముగా క్రీ. పూ. 494లో రోములోని సామాన్యజనులు కత్తులు క్రిందబెట్టి, పట్టణమును విడిచి, సమీపమందలి కొండమీదికి పోయిరి. యుద్ధములలో నెత్తురు కార్చువారు తామే యయ్యు, ఋణములకు చెరపడువారును తామే యగుట వారి మొర. కులీనులు దిగివచ్చి, సామాన్యుల పక్షమున అడ్డుచెప్పు అధికారముగల ట్రిబ్యూనులను ఏర్పరచుటకు అంగీకరించిరి. క్రీ. పూ. 451–450లలో శాసనములు పండ్రెండు ఫలకములపై వ్రాయబడి అందరి యెదుట నుంచబడెను. న్యాయము కులీనుల రహస్యవిద్య కాక యందరి సొత్తగుట కది మొదలు.

ఆ న్యాయపు ఫలము కార్తేజితో జరిగిన యుద్ధములలో కనుపించెను. మొదటి యుద్ధము ఇరువదిమూడేండ్లు సాగి, ధనాగారము శూన్యమై, నౌకాదళము నశించినప్పుడు, క్రీ. పూ. 242 ప్రాంతమున సంపన్నులే తమ ధనము వెచ్చించి రెండువందల యోడలు కట్టించి యిచ్చిరి. ఆ యోడలే యుద్ధమును గెలిచినవి. క్రీ. పూ. 216లో కానే రణరంగమున హానిబాలు రోమక సైన్యమును ఒక్క దినమున నుగ్గు చేసెను. ఐనను ఇటలీలోని మిత్రరాజ్యములలో పెక్కు రోమును విడువలేదు. పదునైదేండ్లు ఇటలీలో తిరిగియు హానిబాలు ఆ కట్టడమును కూల్చలేకపోయెను. ఓడిన మరునాడు నిలిచిన రాజ్యమే నిజముగా బలమైనది.

విజయము పిమ్మటనే వ్యాధి ప్రవేశించినది. క్రీ. పూ. 167లో మాసిడోనియాను జయించి తెచ్చిన ధనముతో బొక్కసము నిండగా, రోమక పౌరులు తమపై నున్న ప్రత్యక్షపు పన్నును మానివేసిరి. ఇక భారము పరాజిత దేశములది, భోగము రోముది. క్రీ. పూ. 146లో కార్తేజియు, కొరింథును నేలమట్టమైనవి. బానిసలు వేలకొలది వచ్చిరి. ఏండ్ల తరబడి దూరదేశముల యుద్ధము చేసి వచ్చిన రైతు తన పొలము బీడుపడుటయు, ప్రక్కనున్న ధనికుని బానిసల సేద్యము తన గట్టును దాటుటయు చూచెను. అమ్ముకొని పట్టణమునకు పోయెను. దేశమును కాపాడినవానికి దేశములో చారెడు నేల లేకపోయెను.

ఈ రోగమును గుర్తించినవాడు టైబీరియసు గ్రాకసు. ప్రభుత్వభూమిని ఒక్కొక్కడు ఐదువందల యూగెరములకు, అనగా సుమారు మూడువందల యెకరములకు, మించి అనుభవింపరాదను పాత శాసనమును క్రీ. పూ. 133లో ఆయన మరల అమలుపెట్టబూనెను. మిగులు భూమిని పేదలకు పంచవలెనని కోరెను. ఆ భూములను ఆక్రమించినవారు సెనేటులోనే యుండిరి. వారు బల్లల విరిగిన కోళ్ళతోను, కఱ్ఱలతోను ఆయనను కొట్టి చంపి, ఆ రాత్రియే టైబరు నదిలో పారవేసిరి. ఆయన తమ్ముడు గేయసు క్రీ. పూ. 121లో అదే గతి నొందెను. వాదముతో తీరవలసిన భూమితగవు నెత్తుటితో తీర్చుకొనుట రోములో నాటితో మొదలైనది, నూరేండ్లు ఆగలేదు. మారియసు నిరుపేదలను సైన్యమున చేర్చుకొనగా, వారు తమకు నేల నిచ్చు సేనాపతినే కాని రాజ్యమును ఎరుగరైరి. సల్లా, పాంపేయుడు, సీజరు అందరును ఆ బీటనుండి వెడలినవారే. సీజరు క్రీ. పూ. 44లో హతుడయ్యెను. క్రీ. పూ. 27లో అగస్టసు, ప్రజారాజ్యమును పునఃస్థాపించితినని చెప్పుచునే, దానికి సమాధి కట్టెను.

ఐనను అగస్టసు తెచ్చిన శాంతివలన వర్తకము వర్ధిల్లినది. ఈజిప్టు రోమకుల వశమైన పిమ్మట ఎఱ్ఱసముద్రపు రేవునుండి ఏటేట నూటయిరువది యోడలు భారతదేశమునకు బయలుదేరుచుండెనని స్ట్రాబో వ్రాసెను. నైరృతి ఋతుపవనము వారికి దారి చూపెను. ‘పెరిప్లసు’ అను గ్రీకు నావికుల గ్రంథము మసాలియా దేశమున సన్నని బట్టలు విస్తారముగా నేయబడుచుండెనని చెప్పుచున్నది. అది మన కృష్ణాతీరము. టాలమీ పేర్కొన్న కొంటకోస్సిల మన ఘంటసాల యని పండితుల నిర్ణయము. శాతవాహనుల నాణెములపై రెండు తెరచాపల యోడ ముద్ర యుండుట ఊరక కాదు. ఏటేట అయిదుకోట్ల సెస్టర్సులు భారతదేశమునకు పోవుచున్నవని క్రీస్తుశకము మొదటి శతాబ్దమున ప్లినీ వాపోయెను. రోమక స్త్రీల యలంకారములకును, భోగుల వంటశాలలకును మనవారు తగిన వెల పుచ్చుకొనిరన్న మాట.

ఆ వెల యెక్కడ చేరినదో మన నేలయే సాక్ష్యమిచ్చుచున్నది. నల్లగొండ మండలమందలి అక్కన్‌పల్లిలో పదునైదువందలకు పైగా రోమక వెండి నాణెములు దొరకినవి. నంద్యాలలో 1932లో బంగారు నాణెముల రాశి బయల్పడెను. మెదకు ప్రాంతమందలి కొండాపురమున, యజ్దానీగారి పర్యవేక్షణమున జరిగిన త్రవ్వకములలో రోమక నాణెములను పోలిన మట్టిబిళ్ళలు సైతము లభించినవి. సొమ్ము లేనివాడు దాని యచ్చునైనను మెడ దాల్చి ముచ్చట తీర్చుకొనెను కాబోలు!

ఈ రాశులలో ఒక విశేషము కలదు. మన దేశమున దొరకిన రోమక వెండి నాణెములలో మిక్కిలి యధికములు అగస్టసు, టైబీరియసుల కాలమునాటివి. తరువాతివి అరుదు. ఏలయన, క్రీ. శ. 64లో నీరో చక్రవర్తి వెండి నాణెమును తూకమున తగ్గించి, అందులో రాగి పాలు పెంచెను. మన వర్తకులు ఆ మోసమును గుర్తించి పాతవానినే కోరిరని పండితు లూహింతురు. రోమక చక్రవర్తి యాజ్ఞ బ్రిటనునుండి యూఫ్రటీసు వఱకు చెల్లుచుండెను. కాని కృష్ణాతీరపు సెట్టి గీటురాతిమీద అది చెల్లలేదు. సామ్రాజ్యపు జబ్బును రోములోని చరిత్రకారులకన్న ముందు మన బేరగాండ్రు కనిపెట్టిరనుట అతిశయోక్తి కాదు.

నీరో చూపిన త్రోవను తరువాతివారు విడువలేదు. క్రీ. శ. 200 నాటికి నాణెములో వెండి సగమునకు దిగెను. 260ల నాటికి వెండిపూత మాత్రము మిగిలెను. క్రీ. శ. 235 మొదలు 284 వఱకు గల యేబదియేండ్లలో ఇరువదిమందికి పైగా చక్రవర్తులు గద్దె నెక్కిరి. వారిలో మంచముమీద చచ్చినవారు అరుదు. డయోక్లీషియను క్రమమును తెచ్చెను కాని, ఆ క్రమము సంకెలవలె నుండెను. క్రీ. శ. 301లో వస్తువుల ధరలను శాసనముచే కట్టివేయజూచెను. సరకు అంగడినుండి మాయమయ్యెను. క్రీ. శ. 332లో కాన్‌స్టాంటైను, పాఱిపోయిన కౌలుదారులను పట్టి తెచ్చి మరల నేలకు కట్టుటకు శాసనము చేసెను. పెద్ద భూస్వాములు పన్నుల మినహాయింపులు సంపాదించుకొనిరి. ఆ లోటు చిన్నవారి వీపున బడెను. పన్నుల బాధ కోర్వలేక రోమక ప్రజలు అనాగరికుల పాలనలోనికి పాఱిపోవుచుండిరని అయిదవ శతాబ్దమున సాల్వియను అను మతాచార్యుడు వ్రాసెను. శత్రువు రాకకు ప్రజలు భయపడక ఎదురుచూచు దినమున రాజ్యము ముగిసినట్లే. 410లో అలారికు రోమును దోచుటయు, 476లో ఒడోయేకరు చివరి పశ్చిమ చక్రవర్తియగు బాలుని గద్దె దింపుటయు ఆ ముగింపునకు ముద్ర వేయుట మాత్రమే.

ఇక నీటిమాట. రోమునకు మొదటి జలకుల్య క్రీ. పూ. 312లో ఆపియసు క్లాడియసు కట్టించెను, పదునొకండవది క్రీ. శ. 226లో ముగిసెను. క్రీ. శ. 97లో ఫ్రాంటైనసు అను పెద్దమనిషి నగరజలాధ్యక్షుడుగా నియుక్తుడై, తన యనుభవమును ఒక గ్రంథమున పదిలపరచెను. ఆయన చేతిక్రింద ఏడువందలమంది పనివారుండిరి. లెక్క చూడగా నీరు పెద్దమొత్తమున మార్గమధ్యమున మాయమగుచుండెను. కొందరు రైతులు కాలువకు కన్నము వేసి తోటలు తడుపుకొనుచుండిరి. నీటివారే నగరవీథుల క్రింద దొంగగొట్టములు అమర్చి వెల పుచ్చుకొనుచుండిరి. క్రీ. పూ. 11లోనే సెనేటు, ఊటలకును కమానులకును ఇరువంకల పదునైదేసి యడుగుల నేలను కట్టడములును చెట్లును లేక విడువవలెనని తీర్మానించియుండెను. అతిక్రమించినవానికి పదివేల సెస్టర్సుల దండుగ.

అదే గ్రంథమున ఆయన చెప్పిన మరియొక సంగతి గమనింపదగినది. పూర్వులు కాలువ త్రవ్వునపుడు ఒకని పొలములో కొంతభాగము కావలసియుండి, అతడు ముక్క అమ్ముటకు పేచీ పెట్టినచో, పొలమంతయు కొని, కావలసినంత యుంచుకొని, మిగిలినది మరల అమ్మెడివారట. నగరము దాహము తీర్చుకొనుటకు పల్లెవాని నోరు కొట్టలేదన్న మాట. లాభము గలవాడే వెల నిచ్చెను. ఆ నీతి యున్నంతకాలము నీరు పారినది. క్రీ. శ. 537లో గాథులు రోమును ముట్టడించి కాలువలను తెగగొట్టిరి. పదిలక్షల జనము నివసించిన నగరమున కొన్నివేలమంది మిగిలిరి; మిట్టప్రదేశములు పాడుపడ, జనులు టైబరు వంపునకు దిగివచ్చి, నదినీరు ముంచుకొని త్రాగిరి. గాథులు కాలువలను తెగగొట్టుట ఒక దినపుపని. వానిని తిరిగి పూర్వపుటౌన్నత్యమున నిలుపుటకు ధనమును, పనివారును, పట్టుదలయు లేకపోవుట మూడువందల యేండ్ల పని.

మనవారికి ఈ విద్య క్రొత్తది కాదు. కడపమండలమందలి పోరుమామిళ్ళ చెరువు శాసనము 1369వ సంవత్సరమునాటిది. వేయిమంది పనివాండ్రు, నూరు బండ్లు రెండేండ్లు శ్రమింప ఆ చెరువు ముగిసెనని అది చెప్పుచున్నది. చెరువునకు కావలసిన పండ్రెండు అంగములను, తగిలెడు ఆరు దోషములను కూడ వివరించుచున్నది. రెండు రాజ్యముల సరిహద్దున చెరువుండుట ఆ దోషములలో నొకటి. ఎవరిది లాభమో, ఎవరిది భారమో తేలనిచోట చెరువు నిలువదని ఆ శాసనకర్త యెఱిగినట్లున్నది. కట్టకు మన్ను వేయువారికిని, తూము చూచు నీరటివానికిని, మరమ్మతు చేయించు దశబంధపు ఇనాముదారునకును పంటలోనో నేలలోనో పాలు ఏర్పరచుట మన పల్లెల పాతకట్టుబాటు. పాలు పోయినచోట చెరువులు పూడినవి.

హిమాయత్ సాగరమునకు తిరిగివత్తము. ఈ రెండు జలాశయముల రక్షణకై 1996 మార్చిలో 111వ సంఖ్యగల ప్రభుత్వపుటుత్తరువు వెలువడినది. చుట్టును పది కిలోమీటర్ల పరిధిలో, ఎనుబదినాలుగు గ్రామములయందు, కాలుష్యము పుట్టించు కర్మాగారములు, పెద్ద హోటళ్ళు, నివాసపు కాలనీలు కూడదని అది నిషేధించెను. రోమకుల పదునైదడుగుల నియమమునకు ఇది తోబుట్టువు. పిమ్మట ప్రభుత్వమే ఒక కర్మాగారమునకు మినహాయింపు నీయజూడగా, 2000వ సంవత్సరమున అత్యున్నత న్యాయస్థానము అది చెల్లదని తీర్పు చెప్పెను. కృష్ణా గోదావరీ జలములు నగరమునకు వచ్చిన పిమ్మట ఈ చెరువులపై నగరము ఆధారపడుట తగ్గినదను కారణముచే, 2022 ఏప్రిలులో 69వ సంఖ్యగల ఉత్తరువు ఆ నిషేధములను సడలించినది. నీటి స్వచ్ఛతకు భంగము రారాదని షరతును పెట్టినది.

ఈ విషయమున ఇరుపక్షముల మాటయు వినవలెను. ఆ గ్రామముల రైతు చెప్పునది అబద్ధము కాదు. చెరువు నగరమునకు నీరిచ్చెను, వరదనుండి కాపాడెను. నిషేధము మాత్రము అతని పొలముమీద బడెను. గట్టు దాటిన పొరుగువాని యెకరము కోట్లు పలుకుచుండగా, తన యెకరము పలుకకపోయెను. పాతికేండ్లు అతడు మోసిన యీ భారమునకు నగరము చెల్లించిన దేమి? రోముకొఱకు యుద్ధములు చేసియు పౌరత్వము పొందని ఇటలీ మిత్రులు క్రీ. పూ. 91లో తిరుగబడిరి. వేలకొలది మంది చచ్చిన పిమ్మట రోము వారికి పౌరత్వ మిచ్చినది. మొదటనే యిచ్చినచో ఆ నెత్తురు కారకపోవును.

ఐనను రైతు కష్టము నిజమగుటచే చెరువు అక్కఱలేని దగునా? నగరము నేడు ఈ నీరు తక్కువగా త్రాగుచున్నదనుట ఒక లెక్క. 1908 నాటి వరద మరియొక లెక్క. 2020 అక్టోబరు వానలలో ఈ చెరువు తలుపులు తెరువవలసివచ్చినది. దిగువ మూసీ గట్టున నున్నవారికి ఆ రాత్రులు గుర్తుండును. పరీవాహభూమి యంతయు రాళ్ళును, సిమెంటును కప్పినచో వాన నేలలో ఇంకక ఒక్కమారే పఱచి వచ్చును. మురుగు చెరువులో చేరును. అపుడు నష్టపోవువాడు ఆ భూమి నమ్మినవాడు కాదు, కొన్నవాడును కాదు, దిగువనున్న పేదవాడు.

కావున మార్గ మొక్కటియే. ఫ్రాంటైనసు చెప్పిన పూర్వుల నీతియే మనకును తగును. నగరమునకు చెరువు కావలయునేని, నగరమే దాని వెల నీయవలెను. నిషేధమును పాటించిన గ్రామములకు ఏటేట పరిహారమును, సేద్యమునకు సాయమును, మురుగు శుద్ధిచేయు ఏర్పాట్లను నగరపు పన్నులనుండి సమకూర్పవలెను. భూస్వాములు, నగరవాసులు ఇరువురును ఈ పత్రికాపుటలను చదువువారే. ఒకరు వెలలో కొంత వదలుకొనవలెను. మరియొకరు పన్నులో కొంత యధికము చెల్లింపవలెను. క్రీ. పూ. 242లో రోమక సంపన్నులు తమ ధనముతో ఓడలు కట్టించిరి. గ్రాకసు కాలమునాటి సంపన్నులు కఱ్ఱలు చేపట్టిరి. మొదటివారు రాజ్యమును నిలిపిరి. రెండవవారు తమ భూములను నిలుపుకొని రాజ్యమును పోగొట్టుకొనిరి. పోయిన రాజ్యములో ఆ భూములును నిలువలేదు.

ఈసాయు మూసియు కలియు చోటనే 1948లో మహాత్ముని చితాభస్మము నిమజ్జనము చేయబడినది. ఆ సంగమమునకు వచ్చు నీరు ఎట్టిదై యుండవలెనో, అది మన మందరము కలసి నిర్ణయింపవలసిన విషయము. నల్లగొండ నేలలో దొరకిన అగస్టసు నాణెము నేటికిని మెఱయుచున్నది. దానిని ముద్రించిన రాజ్యము లేదు.